పళ్లు క్లీనింగ్ ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి? గుంటూరులో ఏడాదిపాటు తిరిగిన నా అనుభవం

జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రగా రక్తం అంటుకుంది. 2024 కనుమ రోజు, తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో, అందరం దొడ్లో మంచాలేసుకుని కూర్చుని ఉన్నాం. మా ఆవిడ చూసి "ఏవండీ, నోట్లో ఏమైనా గుచ్చుకుందా?" అంది. ఏమీ గుచ్చుకోలేదు. బ్రష్ చేసుకునేటప్పుడు నురుగులో ఎరుపు కనపడటం అప్పటికి ఏడాది నుంచీ ఉంది. బ్రష్ గట్టిదేమోనని రెండుసార్లు మార్చాను, అంతకుమించి ఏమీ చేయలేదు.

నాకు 44 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తాను. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు సీజను, ఆ నాలుగు నెలలు ఒళ్లు నొప్పయినా పళ్లు నొప్పయినా వేసవి సెలవుల్లో చూసుకుందాంలే అని వాయిదా వేసుకోవడమే. అలాగే వేశాను. ఉప్పునీళ్లు పుక్కిలించాను, లవంగ నూనె రాశాను, పేస్టు మార్చాను. మార్చి నెలలో కింది ముందు పళ్ల మధ్య సందు పెరిగినట్టు అనిపించింది. ఏది తిన్నా కుడివైపు దవడ పళ్లలో ఇరుక్కునేది. మా చిన్నమ్మాయి ఒకరోజు ముద్దు పెట్టబోతే మొహం పక్కకి తిప్పుకుని "నాన్నా, నోరు వాసన వస్తోంది" అంది. ఆ మాటకి ఎంత బాధ వేసిందో చెప్పలేను. ఆ రోజు నుంచి కొట్లో రైతులతో మాట్లాడేటప్పుడు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకునేవాణ్ణి, మిర్చి ఘాటుకి అనుకునేవాళ్లు వాళ్లు.

ఏప్రిల్ చివర్లో ఎడమవైపు కింద ఆఖరి పన్ను దగ్గర చిగురు వాచింది. రాత్రంతా నిద్ర లేదు. మందుల షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకున్నాను, రెండో రోజుకి వాపు పగిలి చీము వచ్చి నొప్పి తగ్గింది. నొప్పి తగ్గింది కదా అని మళ్లీ ఆగిపోయాను. కానీ లోపల భయం పట్టుకుంది, ఎందుకంటే మా నాన్నకి 55 దాటేసరికి పళ్లన్నీ వదులై ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఆయన పళ్లలో ఒక్కటీ పుచ్చలేదు, అన్నీ గట్టి పళ్లే, చిగుళ్లు వదిలేశాయి అంతే. మా ఇంట్లో దాన్ని వంశంలో ఉన్న సంగతి అనే అనుకునేవాళ్లం.

ఇక్కడ 2019 సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడొకసారి ఒక క్లినిక్కులో పళ్లు క్లీనింగ్ చేయించుకున్నాను. పావుగంటలో అయిపోయింది. చిగుళ్లు కొలవలేదు, ఎక్స్‌రే తీయలేదు, మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక పళ్లు జివ్వుమంటుంటే మా బాబాయి "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయిరా, ఇంకోసారి పోకు" అన్నాడు. నమ్మాను. ఐదేళ్లు డెంటల్ క్లినిక్ గడప తొక్కలేదు.

2024 మే 14, మంగళవారం. ముందురోజే పోలింగు, వేలి మీద సిరా ఇంకా నల్లగా ఉంది. అరండల్‌పేటలో చిగుళ్ల స్పెషలిస్టు ఉన్న క్లినిక్కి వెళ్లాను. మామూలు పళ్ల డాక్టరు వేరు, చిగుళ్ల మీద పీజీ చేసినవాళ్లు వేరు అని అప్పటిదాకా నాకు తెలియదు, మా కొట్టుకి వచ్చే ఒక వ్యాపారి చెబితే తెలిసింది. ఉదయం పదింటికి రమ్మన్నారు, పదకొండున్నరకి లోపలికి పిలిచారు. ఓటు వేయడానికి ఊళ్లకి వచ్చినవాళ్లంతా ఆ రోజే పళ్లు చూపించుకుంటున్నట్టు ఉంది జనం. కన్సల్టేషను 300 రూపాయలు. నోరంతా కనపడే పెద్ద ఎక్స్‌రే ఒకటి తీశారు, దానికి 500.

లోపల ఒక అమ్మాయి ఉంది, పాతికేళ్లుంటాయి. నర్సు అనుకున్నాను. "కాదు సార్, నేను డెంటల్ హైజీనిస్టుని" అంది. రెండేళ్ల డిప్లొమా చదివి, కౌన్సిల్లో రిజిస్టర్ అయి, డాక్టరు పర్యవేక్షణలో పళ్లు శుభ్రం చేసేవాళ్లు వీళ్లు. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో ఈ పని డాక్టర్లే చేసేస్తారు కాబట్టి హైజీనిస్టు అనే మాటే మనకి కొత్త. మీరు వెళ్లినచోట డాక్టరే చేస్తే అందులో లోపం ఏమీ లేదు. ఎవరు చేసినా ముందు కొలిచారా లేదా అన్నది చూసుకోండి.

ఆ కొలవడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా కథ మొత్తం దాని మీదే నడిచింది. మొన సన్నగా, గీతలు పెట్టి ఉన్న ఒక పుల్లలాంటి సాధనాన్ని పన్నుకీ చిగురుకీ మధ్య నెమ్మదిగా దించుతారు. ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. నాకు 28 పళ్లున్నాయి, అంటే 168 కొలతలు. ఆ అమ్మాయి ఒక్కో అంకె చదువుతుంటే డాక్టరమ్మ రాసుకుంటోంది. మా యార్డులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, తూకం ఒకరు చదువుతుంటే ఇంకొకరు చీటీ రాస్తారే, అచ్చం అలాగే. "మూడు, రెండు, మూడు" అని వినపడినంతసేపూ బాగానే ఉంది. తర్వాత "ఐదు, నాలుగు, ఆరు" అని మొదలయ్యింది. ఎడమవైపు కింద ఆఖరి పన్ను దగ్గర "ఏడు" అనగానే ఆవిడ పెన్ను ఆపి "మళ్లీ చూడమ్మా" అంది. మళ్లీ చూసినా ఏడే. నాకు అంకెల అర్థం తెలియకపోయినా గుండె దడదడలాడింది.

తర్వాత ఆవిడే చెప్పింది. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. నాలుగు, ఆపైన ఉంటే చిగురు పన్నుని వదిలి గుంట పడటం మొదలైనట్టు, ఆ గుంటలోకి బ్రష్ చేరదు. ఐదు, అంతకుమించి ఉన్న చోట్లు నాకు 34. ఎక్స్‌రేలో దవడ ఎముక ఎక్కడ తరిగిందో వేలు పెట్టి చూపించింది. "ఇది తిరిగి పెరుగుతుందా మేడం?" అని అడిగాను. "పోయింది రావడం కష్టమండీ, ఉన్నది కాపాడుకుందాం" అంది. అంత నెమ్మదిగా చెప్పినా కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీలో వెల్లకిలా పడుకుని మొహం మీద లైటు ఉన్నప్పుడు ఆ నీళ్లు దాచుకునే వీలు కూడా ఉండదు.

ఆ తర్వాత "మీకు షుగరు ఉందా?" అని అడిగింది. రెండేళ్ల కిందట బోర్డరు అన్నారని చెప్పాను. ముందు మూడు నెలల సరాసరి చూపించే షుగరు పరీక్ష చేయించుకురమ్మంది. 450 రూపాయలు, మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది: 8.2. ఆరున్నర, ఆపైన ఉంటే షుగరు వ్యాధి కిందే లెక్క. పళ్ల కోసం వెళ్తే షుగరు బయటపడింది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయట, చిగుళ్లలో పుండ్లుంటే షుగరు అదుపు చేయడమూ కష్టమవుతుందట, రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. కొత్తపేటలో ఫిజీషియన్ని కలిసి మాత్రలు మొదలుపెట్టాకే పళ్ల పనికి వెళ్లాను.

మే 18, శనివారం మొదటి క్లీనింగు. 1200 రూపాయలు, 50 నిమిషాలు. హైజీనిస్టు అమ్మాయే చేసింది. సన్నటి మొన సర్రుమని కదులుతూ గారని విరగ్గొడుతుంటే చల్లటి నీళ్లు చిమ్ముతుంటాయి, ఇంకో గొట్టం ఆ నీళ్లు లాగేస్తుంటుంది. నొప్పి కంటే ఆ చప్పుడే ఎక్కువ ఇబ్బంది, పుర్రె లోపల మోగుతున్నట్టు ఉంటుంది. కింది ముందు పళ్ల వెనక మాత్రం నిజంగా జివ్వుమంది. చేయి ఎత్తితే ఆపుతానని ముందే చెప్పింది, నాలుగుసార్లు ఎత్తాను, నాలుగుసార్లూ ఆపింది. మధ్యలో పంటికింద రాయిలా ఏదో తగిలితే కంగారుపడి పన్ను ముక్క అనుకున్నాను. ఉమ్మితే అది గార పెళ్ల, గోధుమ రంగులో, బియ్యపు గింజంత.

ఆ రాత్రి జరిగింది తప్పకుండా చెప్పాలి. అన్నం తిన్నాక నాలుకతో తడిమితే కింది ముందు పళ్ల మధ్య పెద్ద పెద్ద సందులు. గాలి పీలిస్తే ఆ సందుల్లోంచి చల్లగా దూరుతోంది. పళ్లు కదులుతున్నట్టు కూడా అనిపించింది. బాబాయి మాట గుర్తొచ్చి టెన్షన్ పెరిగిపోయింది, తొమ్మిదిన్నరకి క్లినిక్ నంబరుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది. "సార్, ఆ సందులు ఇవాళ వచ్చినవి కాదు. ఇన్నాళ్లూ గార వాటిని పూడ్చేసి ఉంది. చిగురు వాపు కూడా తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త ఖాళీగా కనిపిస్తుంది. గార పళ్లని పట్టి ఉంచదు సార్, కింద ఉన్న ఎముకని తినేస్తుంది" అంది. ఐదేళ్లు నేను క్లీనింగుకి దూరంగా ఉన్నది సరిగ్గా ఈ ఒక్క అపార్థం వల్ల. ఈ మాట 2019లోనే ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేదని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను.

పైన గార తీసినంత మాత్రాన సరిపోదు, గుంటల లోపల వేరు మీద ఉన్నది కూడా తీయాలి. దాన్ని డీప్ క్లీనింగ్ అంటున్నారు. నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 2000 చొప్పున 8000. మే 27న కుడివైపు పైనా కిందా, జూన్ 3న ఎడమవైపు. ఇది డాక్టరమ్మే మత్తు సూది ఇచ్చి చేసింది. ఒక్కోసారి గంటన్నర. సూది చురుక్కుమన్నది నిజమే, తర్వాత ఏమీ తెలియలేదు, ఏదో గీకుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. ఒకే రోజు మొత్తం చేసేయమని అడిగాను, రెండువైపులా నాలుక పెదవి మొద్దుబారితే తినడానికీ మాట్లాడటానికీ కష్టమని ఆవిడ ఒప్పుకోలేదు. మంచిదే అయ్యింది. మొదటిరోజు ఇంటికొచ్చి మత్తు దిగకుండానే టీ తాగాను, పెదవి లోపల కాలిన సంగతి మూడు గంటల తర్వాత తెలిసింది. వేడివి వద్దని చెప్పారు, నేనే మర్చిపోయాను. రెండోసారి ఆ పొరపాటు చేయలేదు. జూన్ 4న ఓట్ల లెక్కింపు, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని అరుస్తుంటే నేను ఒక పక్క దవడ పట్టుకుని చల్లటి పెరుగన్నం తిన్నాను.

గుంటూరు మనిషికి కారం లేని రెండు వారాలు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అది కొత్త ఆవకాయ కలిపిన నెల. వాసన చూసి లేచి వెళ్లిపోయేవాణ్ణి. పప్పు, పెరుగు, ఇడ్లీ, అరటిపండు. పుక్కిలించడానికి క్లోర్‌హెక్సిడిన్ మందు ఇచ్చారు, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు మాత్రమే. బ్రష్ చేసిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడమన్నారు, పేస్టు దాని పనిని తగ్గిస్తుందట. అది వాడినన్నాళ్లూ టీ రుచి తెలియలేదు, పళ్ల మీద గోధుమరంగు మరక పట్టింది. ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు, తర్వాతిసారి పాలిష్ చేస్తే పోయింది. చల్లనీళ్లకి జివ్వుమనడం దాదాపు మూడు వారాలు ఉంది, దానికి వేరే పేస్టు రాశారు. మందులు, పేస్టు, పళ్ల సందుల్లో తోముకునే బుల్లి బ్రష్‌లు అన్నీ కలిపి 650 అయ్యాయి. మొత్తం అప్పటికి 11,100. నాకున్న ఇన్సూరెన్సులో ఆస్పత్రిలో చేరితేనే డబ్బులొస్తాయి, ఇలా కుర్చీలో కూర్చుని చేయించుకున్న పళ్ల పనికి రావు.

ఖర్చు భారం అనుకునేవాళ్లకి డెంటల్ కాలేజీలున్నాయి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, మనకి దగ్గర్లో తక్కెళ్లపాడులో ఒక కాలేజీ ఉంది. మా బావ విజయవాడలో అలాగే చేయించుకున్నాడు. విద్యార్థులు చేస్తుంటే పైన ప్రొఫెసర్లు చూస్తారు, అందుకని సమయం ఎక్కువ పడుతుంది, ఒక పూట దాని కోసమే కేటాయించుకోవాలి. ఖర్చు నాకైనదాంట్లో చాలా చిన్న వంతు.

జూలై 22న మళ్లీ కొలతలు. దీనికి డబ్బులు తీసుకోలేదు. చిగుళ్లు మానడానికి ఏడు వారాలు టైమిచ్చి అప్పుడు చూశారు. 34 చోట్లున్నవి 11కి తగ్గాయి. ఏడు ఉన్న చోట ఐదయ్యింది. "మూడు, రెండు, మూడు" అని ఆ అమ్మాయి వరసగా చదువుతుంటే పదో తరగతి రిజల్ట్స్ విన్నంత సంతోషం వేసింది. ఇంటికెళ్లి మా చిన్నమ్మాయిని దగ్గరికి పిలిచి "ఇప్పుడు చూడమ్మా" అన్నాను. వాసన చూసి మెడ చుట్టూ చేతులేసింది.

ఆ రోజే అసలు ప్రశ్న అడిగాను. "ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలా మేడం?" ఆవిడ చాలదంది. నాకు మూడు నెలలు. గుంటల లోపలి సూక్ష్మజీవులు శుభ్రం చేశాక మళ్లీ కూడుకుని పాత స్థితికి రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుందని, అవి కుదురుకునేలోపే చెదరగొట్టాలని చెప్పింది. పైగా షుగరు ఉంది, మా నాన్న చరిత్ర ఉంది. పొగతాగే అలవాటు ఉంటే అదీ లెక్కలోకి వస్తుందంది, నాకు లేదు. ఆరు నెలలన్నది అందరికీ చెప్పడానికి వీలుగా వాడుకలోకి వచ్చిన మాట తప్ప మనిషిని చూసి చెప్పింది కాదంది. ఇంగ్లండులో నైస్ అనే సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లు పళ్లు చూపించుకోవాల్సిన గడువు మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా మనిషిని బట్టి ఉంటుందని, పద్ధెనిమిది లోపు పిల్లలకి మాత్రం ఏడాది దాటకూడదని ఉందట.

నాతో వచ్చిన మా ఆవిడని కూడా అదే రోజు కూర్చోబెట్టి కొలిచారు. అన్నీ రెండూ మూడే, ఎక్కడా రక్తం లేదు, గార కొంచెం. "మీరు ఏడాదికోసారి వస్తే చాలండీ" అన్నారు. మా ఆవిడకి అనుమానం వచ్చి ఆరు నెలలకోసారి వస్తే ఇంకా మంచిది కదా అని అడిగింది. చిగుళ్లు బాగుండి, క్రమం తప్పకుండా డాక్టరుకి చూపించుకునేవాళ్లలో ఆరు నెలలకి గార తీయించినా ఏడాదికి తీయించినా చిగుళ్ల జబ్బు విషయంలో పెద్దగా తేడా రాలేదని పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2018లో తేల్చిందని డాక్టరమ్మ చెప్పింది. వచ్చిన మనిషికి తక్కువసార్లు రమ్మని చెప్పే డాక్టరంటే నాకు ఆ రోజుతో నమ్మకం కుదిరింది. మా పెద్దమ్మాయికి పధ్నాలుగు, చిగుళ్లు బాగానే ఉన్నా రెండు పళ్లు పుచ్చాయి, దానికి ఆరు నెలలు. ఒకే ఇంట్లో మూడు గడువులు.

సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా చెల్లెలి ఇల్లు అక్కడే, కింది అంతస్తు. నీళ్లు తగ్గాక నేను వెళ్లి పదిరోజులు అక్కడే ఉన్నాను, బురద ఎత్తిపోయడం, సామాను కడగడం, వాళ్లని ఇక్కడికీ అక్కడికీ చేర్చడం. ఆ పదిరోజులు దొరికిన నీళ్లు తాగడానికే వాడుకున్నాం. సందుల బ్రష్ మాట దేవుడెరుగు, రాత్రిపూట పళ్లు తోముకున్నది కూడా లేదు. అక్టోబరు 19న వెళ్తే లెక్క 11 నుంచి 13కి పెరిగింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, విషయం విని "చెల్లిగారు వాళ్లు ఎలా ఉన్నారు సార్?" అని అడిగింది ముందు. తర్వాత పళ్లకి గులాబీ రంగు మందు పూసి అద్దం చేతికిచ్చింది. పాచి ఉన్నచోటల్లా రంగు పట్టుకుంది. ఎడమవైపు కింది పళ్ల లోపలి పక్క, అంటే నాలుక వైపు, మొత్తం గులాబీ. నేను కుడిచేతి వాటం, ఆ మూలకి బ్రష్ చేరుతోందనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. బ్రష్‌ని చిగురు వైపు ఏటవాలుగా ఆనించి చిన్నగా కదపడం నా చేయి పట్టుకుని చూపించింది. గట్టిగా రుద్దితే శుభ్రమవుతుందనుకోవడం నా ఇంకో పొరపాటు, దాంతో చిగుళ్లు ఇంకా అరిగాయి. అరగంటలో పని అయిపోయింది, 700 రూపాయలు.

జనవరి 18న రావాల్సింది. సంక్రాంతి ప్రయాణాలు, ఆ వెంటనే కొత్త సరుకు రావడం, రెండుసార్లు వాయిదా వేసి 2025 ఫిబ్రవరి 22న వెళ్లాను. ఐదు వారాలు ఆలస్యం. ఈ నాలుగు నెలలూ ఇంట్లో బ్రష్ విషయంలో ఏ లోటూ చేయలేదు, షుగరు కూడా 7 దగ్గరే ఉంది. అయినా లెక్క 17కి చేరింది. ఎడమవైపు ఆఖరి పన్ను ఐదు నుంచి ఆరుకి వెళ్లింది. మూడు నెలలు అన్న మాట డాక్టరమ్మ ఊరికే అనలేదని నా నోరే నాకు చూపించింది. ఆ పన్ను ఇలాగే ఉంటే చిగురు కోసి లోపల శుభ్రం చేసే చిన్న ఆపరేషను ఆలోచించాల్సి ఉంటుందన్నారు. ఆ రోజు ఇంటికి వస్తూ లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో బండి పక్కన ఆపి, యార్డు సెలవులెప్పుడో చూసి, మే 17 శనివారానికి అక్కడి నుంచే ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆపరేషను మాటకి అంత భయపడ్డాను.

మే 17న లెక్క 8. ఆఖరి పన్ను మళ్లీ ఐదు, రక్తం లేదు. ఆపరేషను ఇప్పటికి అక్కర్లేదన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, ఈసారి మూడు కాదు, నాలుగు నెలలకి రమ్మన్నారు. అప్పుడూ ఇలాగే నిలబడితే చూసి ఇంకాస్త పెంచొచ్చు, చెడితే మళ్లీ మూడుకి తగ్గిస్తారు. గడువు అనేది ఒకసారి చెప్పేసి వదిలేసేది కాదని, ప్రతిసారీ కొలత చూసి మార్చేదని నాకు అప్పుడు తెలిసింది. అక్టోబరు, ఫిబ్రవరి, మే కలిపి 2100, మొదటి ఖర్చుతో కలిపి ఏడాదికి 13,200 అయ్యింది. ఒక పన్ను పోతే దాని చోట ఇంప్లాంటు పెట్టడానికి నాకు చెప్పిన రేటు ఇంతకు రెండింతలు.

జూన్ 7న అమ్మని తీసుకెళ్లాను. అమ్మకి 70 దాటాయి, పదిహేను పళ్లు మిగిలాయి. "ఈ వయసులో నాకెందుకు నాన్నా" అని దారంతా ఆటోలో అంటూనే ఉంది. అమ్మకి గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. ఆ సంగతి ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆ మాత్ర ఆపకండి. డాక్టరమ్మ గుండె డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, మాత్ర కొనసాగిస్తూనే కొంచెం కొంచెంగా రెండుసార్లలో చేసింది. రక్తం మామూలు కంటే కొద్దిసేపు ఎక్కువ కారింది, దూది నొక్కి పట్టుకుంటే ఆగిపోయింది. కొలతలు చదువుతున్నంతసేపూ అమ్మ నా చేయి వదల్లేదు. అయిపోయాక "మీ నాన్నని కూడా ఇలా ఎవరైనా చూసుంటే" అని ఆగిపోయింది.

అమ్మకి మూడు నెలలన్నారు, నాకు నాలుగు. ఆటో రెండుసార్లు ఎందుకని ఈ ఒక్కసారికి ఇద్దరివీ ఒకే రోజు పెట్టమని అడిగాను, రెండు వారాల తేడాతో ఫర్వాలేదన్నారు. సెప్టెంబరు 20, శనివారం. పదిన్నరకి అమ్మ, పదకొండుంబావుకి నేను.